దస్తరం కాచిన మనిషి – మహాదేవ్ దేశాయ్

ఈ ప్రత్యేక సంచికకు స్వాతంత్ర్యోద్యమ కాలపు మహనీయుల జీవితాలు తలా ఒకటి రాసి ఇవ్వాలని సంపాదక వర్గం వారు కోరారు. పెద్ద పెద్ద పేర్లన్నీ మిత్రులు ముందుగానే పంచుకున్నారు. అందుకు నాకేమీ విచారం లేదు. నేను రాయదలచుకున్నది వేదిక మీద మాట్లాడిన వారి గురించి కాదు, వేదిక పక్కన కూర్చుని ఆ మాటలు రాసుకున్న వారి గురించి. ఆయన మహాదేవ్ హరిభాయ్ దేశాయ్. చదువుకు వకీలు, పనికి గాంధీజీ కార్యదర్శి. గాంధీజీ ఎవరితో ఏం మాట్లాడారో, ఎవరికి ఏ జాబు రాశారో 1917 నుంచి 1942 దాకా, అంటే పాతికేళ్ళపాటు, రాసిపెట్టిన మనిషి.

నేను ఎల్.డి.సి.గా చేరి, ముప్పై ఆరేళ్ళు రెవిన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మన సంఘంలో చాలామంది సంగతీ ఇంచుమించు ఇంతే. నోటు పెట్టడం, డ్రాఫ్టు రాయడం, ఫెయిర్ కాపీ తీయించడం, తపాలు రిజిస్టరులో ఎక్కించడం, పని ముగిసిన ఫైలును రికార్డు రూముకు పంపడం, వీటితోనే మన వయసు గడిచిపోయింది. బయటివాళ్ళకు ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. ఒక్కోసారి మనకూ అలాగే అనిపిస్తుంది. ఆ అభిప్రాయం ఎంత పొరపాటో మహాదేవ్ గారి జీవితం చూస్తే తెలుస్తుంది. అదే జీవితంలో మనం ఊరికే మెచ్చుకుని వదిలేయకుండా ఆలోచించవలసిన విషయం కూడా ఒకటుంది. రెండూ చెబుతాను.

పుట్టుక, చదువు, తొలి కొలువులు

మహాదేవ్ గారు 1892 జనవరి 1న గుజరాత్‌లోని సూరత్ జిల్లా సరస్ గ్రామంలో పుట్టారు. తండ్రి హరిభాయ్ బడిపంతులు. వారి సొంత ఊరు దిహేణ్. తల్లి జమ్నాబెన్ ఆయనకు ఏడేళ్ళ వయసులోనే కన్నుమూసింది. బడిపంతులు జీతంతో నడిచే ఇల్లు ఎలా ఉంటుందో మనలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కాలపు ఆచారం ప్రకారం పదమూడో ఏట, 1905లో, దుర్గాబెన్‌తో పెళ్ళి అయింది.

కుర్రవాడు చదువులో చురుకు. సూరత్‌లో హైస్కూలు ముగించి బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరి 1910లో బి.ఏ., ఆ తర్వాత 1913లో లా పట్టా పుచ్చుకున్నారు. లా చదువుకుంటున్న రోజుల్లోనే బొంబాయిలో ఓరియంటల్ ట్రాన్స్‌లేటర్ ఆఫీసు అనే సర్కారీ కార్యాలయంలో కొలువు చేశారు. అనువాదం పని చూసే ఆఫీసు అది. అంటే ఆయన కూడా కొంతకాలం మన కులంవారే అన్నమాట. అనువాదంలో ఆయన చేయి అప్పటికే తిరిగింది. జాన్ మార్లే అనే ఆంగ్ల రచయిత రాజీ గురించి రాసిన గ్రంథాన్ని గుజరాతీలోకి తెచ్చి ఫార్బ్స్ గుజరాతీ సభ వారి వెయ్యి రూపాయల బహుమతి గెలుచుకున్నారు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే బడిపంతులు ఇంట్లో ఎంత సొమ్మో ఊహించుకోవచ్చు.

పట్టా పుచ్చుకున్నాక అహ్మదాబాదులో వకాలతు మొదలుపెట్టారు. అక్కడే నరహరి పారీఖ్ అనే మరో యువ వకీలు ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, కథ చివర మళ్ళీ వస్తుంది. వకాలతు పెద్దగా సాగలేదు. క్లయింట్లను పట్టుకురావడం, ఫీజు కోసం పట్టుబట్టడం ఆయన స్వభావానికి పడే పనులు కావు. కొంతకాలం తర్వాత ఒక సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది. పల్లెలు తిరిగి పరపతి సంఘాల లెక్కలు చూడడం ఆ పని. వకీలు చదువు, సర్కారీ అనువాదం, ఊళ్ళు తిరిగి పద్దులు తనిఖీ చేసిన అనుభవం మూడూ ఒకే మనిషిలో కలిశాయి. ఆ మనిషి కోసమే ఒకరు వెతుకుతున్నారని ఆయనకు అప్పటికి తెలియదు.

తప్పులు ఎత్తిచూపి దగ్గరైనవాడు

1915లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చి అహ్మదాబాదులో ఆశ్రమం పెట్టారు. ఆశ్రమ నియమావళి ముసాయిదాను అచ్చు వేయించి, అభిప్రాయాలు తెలపమని పదిమందికీ పంచారు. మహాదేవ్, నరహరి ఇద్దరూ చదివి ఊరుకోలేదు. కొన్ని నియమాలు తమకు సమ్మతం కాదని, ఫలానా చోట ఫలానా చిక్కు వస్తుందని ఇద్దరూ కలిసి జాబు రాశారు. గాంధీజీకి కోపం రాలేదు. వాళ్ళను కలుసుకుని, వెంటబెట్టుకుని ఆశ్రమానికి తీసుకువెళ్ళి, ఒక్కొక్క అంశమే తీసుకుని చర్చించారు.

ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పాతికేళ్ళ కొలువుకు నాంది పొగడ్తతో పడలేదు, ఆక్షేపణతో పడింది. మన భాషలో చెప్పాలంటే, పై అధికారి పంపిన డ్రాఫ్టు మీద కింది గుమాస్తా మర్యాదగా డిసెంటు నోటు పెట్టాడు. ఆ నోటు చూసి అధికారి ఆ గుమాస్తాను తన సెక్షనుకు వేయించుకున్నాడు. అలాంటి అధికారులు అరుదు. అలాంటి గుమాస్తాలూ అరుదే.

ఆ తర్వాత రెండేళ్ళు మహాదేవ్ గారు ఆశ్రమానికి వస్తూ పోతూ ఉన్నారు. 1917 ఆగస్టు 31న గాంధీజీ ఆయనతో మనసు విప్పి మాట్లాడారు. రెండేళ్ళుగా తాను వెతుకుతున్న మనిషి ఇతడేనని, మిగతావన్నీ వదిలి తన దగ్గరికి రావాలని చెప్పారు. అదే ఏడు నవంబరులో గోధ్రాలో జరిగిన రాజకీయ సభ దగ్గర మహాదేవ్, దుర్గాబెన్ దంపతులు వచ్చి చేరారు. అక్కడినుంచి నేరుగా బీహారులోని చంపారన్‌కు ప్రయాణం. నీలిమందు రైతుల వ్యవహారం అక్కడ అప్పటికే నడుస్తోంది. దుర్గాబెన్ పల్లెబడుల పనిలో దిగారు. మహాదేవ్ గారు కాగితాల పనిలో దిగారు. 1917 నవంబరు 13న డైరీ మొదలైంది.

ఆ పని తీరు

గాంధీజీ కార్యదర్శి పని అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రార్థన. అంతకు ముందే లేవాలి. వచ్చిన తపాలు విడదీయాలి. తాను జవాబు రాయగలిగినవి, గాంధీజీ చెబితే రాయవలసినవి, ఆయనే స్వయంగా రాయవలసినవి వేరు చేయాలి. వెళ్ళే ప్రతి ముఖ్యమైన జాబుకూ నకలు ఉంచుకోవాలి. వచ్చిన మనుషులను వరస పెట్టి లోపలికి పంపాలి. వాళ్ళు మాట్లాడుతుంటే పక్కన కూర్చుని రాసుకోవాలి. గాంధీజీ నడుస్తూ మాట్లాడితే నడుస్తూ రాసుకోవాలి. సభలో ఉపన్యాసం ఇస్తే అదీ రాసుకోవాలి. ఇదంతా షార్ట్‌హ్యాండు లేకుండా, మామూలు అక్షరాల్లోనే. రాత్రికి దానిని డైరీలో కుదురుగా ఎక్కించాలి. వారం తిరిగేసరికి పత్రికకు వ్యాసాలు అందించాలి.

ప్రయాణాల్లోనూ విరామం లేదు. మూడో తరగతి పెట్టె. ప్రతి స్టేషనులోనూ దర్శనానికి వచ్చిన జనం కిటికీలకు వేలాడుతూ ఉండేవారు. కూర్చోవడానికి చోటు దొరకక, రైలు మరుగుదొడ్డిలో దీపం కింద కూర్చుని ఆయన వ్యాసాలు పూర్తి చేసిన రాత్రులు ఉన్నాయి. ఫ్యాను తిరగలేదని, టేబులు చాలలేదని అప్పట్లో మనం పెట్టిన మెమొరాండాలు తలచుకుంటే నవ్వు వస్తుంది.

1921లో మోతీలాల్ నెహ్రూ గారి పత్రిక ఇండిపెండెంట్‌ను నడపడానికి గాంధీజీ ఆయనను అలహాబాదు పంపారు. సర్కారు అచ్చుయంత్రాన్ని జప్తు చేసింది. మహాదేవ్ గారు పత్రిక ఆపలేదు. చేత్తో రాసి, సైక్లోస్టైలు తీసి పంచారు. స్టెన్సిల్ మీద రాసి, రోలరు తిప్పి, చేతులకు సిరా అంటించుకున్న మన తరం వారికి ఆ కష్టం బాగా తెలుసు. ఆ నేరానికి ఏడాది జైలు పడింది.

1924 నుంచి నవజీవన్ సంపాదకత్వం. ఆ తర్వాత గాంధీజీ తన ఆత్మకథ గుజరాతీలో వారంవారం రాస్తుంటే, దానిని ఇంగ్లీషులోకి తెచ్చి యంగ్ ఇండియాలో వేసింది మహాదేవ్ గారే. ప్రపంచం గాంధీజీ ఆత్మకథగా చదివిన ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి వాక్యం వెనుకా ఈ కార్యదర్శి చెయ్యి ఉంది. అయిదో భాగంలో కొన్ని అధ్యాయాలు మాత్రం సహచరుడు ప్యారేలాల్ చేశారు. ఎందుకంటే అప్పుడు, 1928లో, మహాదేవ్ గారు బార్డోలీ రైతుల శిస్తు నిరాకరణ ఉద్యమంలో ఉన్నారు. ఆ ఉద్యమ చరిత్ర కూడా ఆయనే పుస్తకంగా రాశారు. ఆత్మకథ అనువాదాన్ని దిద్దిపెట్టిన పెద్దమనిషి శ్రీనివాస శాస్త్రి గారు తన పేరు వేయవద్దన్నారు. పేరు వద్దనేవాళ్ళంతా ఒకచోట చేరిన కాలం అది.

మహాదేవ్ గారికి స్వతంత్ర రచనాశక్తి లేక కార్యదర్శిగా మిగిలారనుకుంటే పొరపాటు. ఠాగూర్ చిత్రాంగదను, శరత్‌బాబు కథలను, జవహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథను ఆయన గుజరాతీ చేశారు. 1927 సింహళ యాత్ర గురించి, తిరువాన్కూరులో ఆలయాలు అందరికీ తెరచిన ఘట్టం గురించి, సరిహద్దు గాంధీ సోదరుల గురించి, మౌలానా ఆజాద్ గురించి ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. 1933-34లో బెల్గాం జైలులో కూర్చుని, గాంధీజీ గీతా వ్యాఖ్యానానికి ఇంగ్లీషు అనువాదమూ, విపులమైన పీఠికా సిద్ధం చేశారు. అది ఆయన పోయాక 1946లో అచ్చయింది. ఆయన రాసిన వ్యాసం బాగుందని, దాని కింద తన పొడి అక్షరాలు వేసి గాంధీజీ పంపించిన సందర్భాలు కూడా ఉన్నాయని ఆయన కొడుకు నారాయణ్ చెప్పారు. మన డ్రాఫ్టు కింద ఎందరు అధికారులు సంతకాలు పెట్టలేదు! తేడా ఏమిటంటే, ఇక్కడ ఇద్దరికీ అది సంతోషమే.

యెరవాడ జైలు రోజులు

1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీతో వెళ్ళివచ్చిన కొద్దికాలానికే మళ్ళీ అరెస్టులు మొదలయ్యాయి. 1932లో పూనా దగ్గర యెరవాడ జైలులో గాంధీజీ, సర్దార్ పటేల్, మహాదేవ్ గారు ముగ్గురూ ఒకేచోట ఉన్నారు. ఆ రోజుల డైరీ చదివితే దేశనాయకులు మన ఇంటి పెద్దల్లాగా కనిపిస్తారు. ఉక్కుమనిషి అని మనం చెప్పుకునే సర్దార్ అక్కడ వాడిన కాగితాలు పోగుచేసి కవర్లు అంటిస్తుంటాడు. ఆ వయసులో సంస్కృతం పాఠాలు వల్లెవేస్తుంటాడు. గాంధీజీ మీద హాస్యాలు విసురుతుంటాడు. అదే డైరీలో కొద్ది పుటల తర్వాత సెప్టెంబరు నిరాహారదీక్ష, పూనా ఒడంబడిక తాలూకు బరువైన రోజులు వస్తాయి.

ఇవన్నీ ఏ ప్రభుత్వ రికార్డులోనూ దొరికేవి కావు. పోలీసు రిపోర్టులో ఖైదీ నంబరు ఉంటుంది, కవర్లు అంటించిన సంగతి ఉండదు. పక్కనున్నవాడు రాసుకోకపోతే ఆ నవ్వు ఆ గోడల మధ్యే అణగిపోయేది.

పూరీ ఘటన

1938 మార్చిలో ఒరిస్సాలోని డెలాంగ్‌లో గాంధీ సేవాసంఘం సమావేశం జరిగింది. పక్కనే పూరీ. హరిజనులకు ప్రవేశం లేని ఆలయాల్లోకి తామూ వెళ్ళబోమన్నది గాంధీజీ మాట. కస్తూర్బా, దుర్గాబెన్ జగన్నాథుని మీద భక్తి కొద్దీ గుడిలోకి వెళ్ళి వచ్చారు. గాంధీజీ మనసు గాయపడింది, రక్తపోటు పెరిగింది. వాళ్ళకు ముందే నచ్చజెప్పవలసింది నీవు కదా అని మహాదేవ్ గారిని తప్పుపట్టారు.

మహాదేవ్ గారికి ఇది న్యాయంగా తోచలేదు. పెద్దవయసు స్త్రీల భక్తిని అంత కఠినంగా తూచడం, ఇంతచిన్న విషయాన్ని అంత పెద్దది చేయడం సరికాదనుకున్నారు. లోపల కుమిలిపోయి, తనను సెలవు పుచ్చుకోనిమ్మని జాబు రాసి ఇచ్చారు. ఇరవై ఏళ్ళ కొలువు తర్వాత రాజీనామా! గాంధీజీ ఒప్పుకోలేదు. తన భక్తుల చేతిలో చావడమైనా మేలేగాని ఇతణ్ణి వదులుకోలేనన్న ధోరణిలో జవాబిచ్చారు. మహాదేవ్ గారు ఉండిపోయారు. ఉండిపోయి ఊరుకోలేదు. జరిగిందంతా, తన మనస్తాపంతో సహా, హరిజన్ పత్రికలో రాశారు. ఆ పత్రిక గాంధీజీ పత్రికే. అందులోనే అది అచ్చయింది.

కార్యదర్శి అంటే తల ఊపేవాడు అనుకునేవారు ఈ ఒక్క ఘట్టం చూస్తే చాలు. 1915లో ఆక్షేపణ రాసిన కుర్ర వకీలు 1938లోనూ అలాగే ఉన్నాడు. విధేయత వేరు, మౌనం వేరు. సర్వీసులో ఉండగా ఈ తేడా పట్టుకోలేక మనవాళ్ళు ఎందరో ఇబ్బంది పడ్డారు. నోరు విప్పితే అవిధేయుడని, విప్పకపోతే చేతగానివాడని అనిపించుకున్నారు.

సెలవు లేని సర్వీసు

ఇక మొదట నేను చెప్పిన రెండో విషయం. గాంధీజీ 1936లో సేగాం పల్లెకు, అంటే తర్వాతి సేవాగ్రామానికి, మకాం మార్చారు. మహాదేవ్ గారి ఇల్లు, దస్తరం వార్ధా మగన్‌వాడీలోనే ఉండిపోయాయి. తపాలు, వ్యాసాలు చంకన పెట్టుకుని ఆయన రోజూ కాలినడకన వెళ్ళి రావాలి. రానూ పోనూ పదకొండు మైళ్ళు. వార్ధా ఎండ ఎలాంటిదో ఆ వైపు రైల్లో వెళ్ళినవారికి తెలుసు. కొన్ని రోజులు రెండుసార్లు కూడా తిరగవలసి వచ్చేది. 1938లో రక్తపోటుతో ఆయన కూలబడ్డారు. కొంతకాలం విశ్రాంతి తీసుకున్నా, తిరిగి అదే పని, అదే వేగం.

దీన్ని త్యాగమని కొనియాడడం సులువు. నేనూ కొనియాడతాను. కానీ ఎర్న్‌డ్ లీవు వాడుకోకుండా పోగుచేసి, పంటిబిగువున పనిచేసి, రిటైరైన రెండేళ్ళకే వెళ్ళిపోయిన మిత్రులను మన సంఘం ఎందరిని చూడలేదు? సంతాప తీర్మానాలు నేనే ఎన్నో రాశాను. ఆఫీసు వాళ్ళను మరచిపోయింది, ఇల్లు మరచిపోలేదు. అలాంటి మనిషి పక్కన దుర్గాబెన్ లాంటి ఇల్లాలు ఎప్పుడూ ఉంటుంది. పాతికేళ్ళూ ఆశ్రమాల్లో, ఊరూరా మకాముల్లో ఆమె సంసారం నడిచింది. భర్త జైలులో ఉన్న నెలలన్నీ లెక్కపెట్టింది. డైరీల్లో ఆమె పేరు తక్కువ. ఆమె భరించినది మాత్రం తక్కువ కాదు. 1924 డిసెంబరులో పుట్టిన నారాయణ్ తండ్రిని చూసినది ఎక్కువగా బల్ల దగ్గర, కాగితాల మధ్యే. గాంధీజీ అంత పెద్ద మనసున్నవారే, అయినా ఆయన నీడలో పనిచేసినవాడికి విశ్రాంతి దొరకలేదు. గొప్ప పని కూడా మనిషిని తినేస్తుందని ఒప్పుకోవడం ఆ పనిని కించపరచడం కాదు.

ఆగాఖాన్ భవనం

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. మర్నాడు తెల్లవారుజామునే బిర్లా భవనంలో గాంధీజీని, మహాదేవ్ గారిని, మీరాబెన్‌ను అరెస్టు చేసి పూనాలోని ఆగాఖాన్ భవనానికి తరలించారు. మన హైదరాబాదు కోడలు సరోజినీ నాయుడు గారు కూడా అక్కడే ఉన్నారు. ఒకటి రెండు రోజుల్లో కస్తూర్బా, డాక్టరు సుశీలా నయ్యర్ వచ్చి చేరారు.

గాంధీజీ మళ్ళీ ఎక్కడ ఆమరణ దీక్ష పడతారోనన్న దిగులు మహాదేవ్ గారిని ఆ వారం రోజులూ పట్టుకుంది. ఆగస్టు 15, శనివారం ఉదయం. జైళ్ళ శాఖ పై అధికారి ఒకరు చూడడానికి వచ్చి ఉన్నారు. మాటల మధ్యలో మహాదేవ్ గారు ఉన్నట్టుండి కూలిపోయారు. గుండెపోటు. సుశీలా నయ్యర్ పరుగున వచ్చారు. గాంధీజీ వచ్చి పేరు పెట్టి పిలిచారు. ఒక్కసారి కళ్ళు తెరిచి తన వైపు చూస్తే లేచి కూర్చుంటాడని ఆయన నమ్మకం. పాతికేళ్ళలో ఆ పిలుపుకు పలకనిది అదొక్కసారే.

ఆయన వయసు యాభై ఏళ్ళు. మనకైతే ఇంకా సర్వీసులోనే ఉండిన వయసు.

గాంధీజీ స్వయంగా దేహానికి స్నానం చేయించారు, కొడుకు చేయవలసిన సంస్కారం తానే చేశారు. భవనం ఆవరణలోనే దహనం జరిగింది. సేవాగ్రామంలో ఉన్న దుర్గాబెన్‌కు, నారాయణ్‌కు చివరి చూపు దక్కలేదు. ఆయన సంచి తెరిస్తే బట్టలు, పత్రికా కత్తిరింపులు, ఒక బైబిలు, ఠాగూర్ ముక్తధార నాటకం కనిపించాయి. 1944 ఫిబ్రవరి 22న కస్తూర్బా కూడా అక్కడే పోయారు. రెండు సమాధులూ పక్కపక్కన ఉన్నాయి. విడుదలయ్యేదాకా గాంధీజీ రోజూ ఆ చోటికి వెళ్ళి పూలు ఉంచేవారు. సరిగ్గా అయిదేళ్ళకు అదే తేదీన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజు జెండా ఎగరేసేటప్పుడు ఈ పేరు తలచుకున్నవారు ఎందరో!

కాగితాల కథ

డైరీ 1942 ఆగస్టు 14 దాకా, అంటే చావు ముందు రోజు దాకా ఉంది. మనిషి పోయాడు, దస్తరం మిగిలింది. దానిని అందుకున్నవాడు మరెవరో కాదు, 1915లో కలిసి ఆక్షేపణ జాబు రాసిన నరహరి పారీఖ్. గబగబా రాసుకున్న ఆ చేతిరాత విప్పి, తేదీలు సరిచూసి, తొలి సంపుటాలు ఆయనే సిద్ధం చేశారు. 1932 యెరవాడ డైరీ 1948లో వెలువడింది, గాంధీజీ కన్నుమూసిన ఏడే. స్నేహితుడి తొలినాళ్ళ జీవితాన్ని కూడా నరహరి గారు పుస్తకం చేశారు. 1957లో ఆయన పోయాక చందూలాల్ దలాల్ ఆ పని కొనసాగించారు. గుజరాతీలో ఇరవైకి పైగా సంపుటాలయ్యాయి. 1955లో సాహిత్య అకాడెమీ మొట్టమొదటిసారి బహుమతులు ఇచ్చినప్పుడు గుజరాతీ బహుమతి మహాదేవ్ గారి డైరీకే దక్కింది. పుచ్చుకోవడానికి ఆయన లేరు. నారాయణ్ దేశాయ్ రాసిన తండ్రి జీవిత చరిత్రకు 1993లో అదే అకాడెమీ బహుమతి వచ్చింది. 2015లో కన్నుమూసే వరకు ఆయన ఊరూరా తిరిగి గాంధీ కథ చెప్పారు.

గాంధీజీ సంపూర్ణ రచనలను కేంద్ర ప్రభుత్వం ఇంగ్లీషులో వంద సంపుటాలుగా వేసింది. గ్రంథాలయంలో ఎవరైనా ఆ సంపుటాలు తిప్పి చూడండి. ప్రతి జాబు కింద, ప్రతి సంభాషణ కింద అది ఎక్కడ దొరికిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1917 తర్వాతి కాలంలో ఎన్నోచోట్ల అక్కడ కనిపించేది మహాదేవ్ గారి డైరీ పేరే. అసలు జాబు అందుకున్నవాడు పోగొట్టుకున్నాడు, నకలు దాచినవాడి దగ్గర దొరికింది. ఆఫీసు కాపీ విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మన జిల్లా ఆఫీసు మాన్యువల్ ప్రకారం ఫైలు ముగించేటప్పుడు దాని నెత్తిన ఒక ముద్ర పడుతుంది. ఎల్.డిస్. అయితే ఏడాదికి చింపేయవచ్చు. కె.డిస్. మూడేళ్ళు, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. మహాదేవ్ గారు చేసిన గొప్ప పని ఏమిటంటే, ఏది ఎల్.డిస్., ఏది ఆర్.డిస్. అని ఆయన తేల్చలేదు. సర్దార్ అంటించిన కవరునూ, ఒడంబడిక చర్చనూ ఒకే శ్రద్ధతో రాశారు. ఏది నిలుస్తుందో తేల్చే పని తర్వాతి వాళ్ళకు వదిలారు. తన గురించి మాత్రం చాలా తక్కువ రాసుకున్నారు. అన్ని వేల పుటల్లో రాసేవాడు ఎప్పుడు నిద్రపోయాడో, ఎప్పుడు ఒంట్లో బాగాలేదో వెతుక్కోవాలి. తన ఫైలును తానే ఎల్.డిస్. చేసుకున్న మనిషి ఆయన.

మనలో చాలామంది దగ్గర పాత ట్రంకుపెట్టెలో ఏవో కాగితాలు ఉంటాయి. తుఫాను సహాయం రోజుల్లో రాసుకున్న నోటుపుస్తకం, జమాబందీ క్యాంపు జ్ఞాపకాలు, సమ్మె రోజుల కరపత్రాలు, మంచి అధికారి ఒకరు స్వహస్తంతో రాసిన చీటీ. ఇల్లు సర్దేటప్పుడు పిల్లలు వాటిని పాత పేపర్లవాడికి వేయకముందే ఒకసారి తీసి చూడండి. తేదీ లేనివాటి మీద తేదీ వేయండి, మనుషుల పేర్లు గుర్తున్నప్పుడే పక్కన రాయండి. సంఘం కార్యాలయంలో ఒక బీరువా అందుకు కేటాయించమని ఈ సందర్భంగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. అలా రాసేటప్పుడు, మహాదేవ్ గారు చేయనిది కూడా చేయండి. మీ గురించీ, మీ ఇంట్లో ఆ బరువు మోసిన మనిషి గురించీ నాలుగు ముక్కలు రాయండి.